పదహారేళ్లకే ఇల్లు వదిలి జూనియర్ హాకీకా, ఆగి కాలేజీ హాకీకా?

టొరంటో పక్కనున్న ఒక ఊరి నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె రాసిన సంగతులు క్లుప్తంగా ఇవి.

వాళ్లది గుంటూరు జిల్లా. కెనడా వచ్చి పద్దెనిమిదేళ్లయింది, అందరికీ అక్కడి పౌరసత్వం ఉంది. భర్తది ఐటీ ఉద్యోగం, ఆమె ఫార్మసీలో పనిచేస్తారు. అబ్బాయికి పదహారేళ్లు. ఆరో ఏట స్నేహితుడి పుట్టినరోజు పార్టీలో మొదటిసారి స్కేట్లు కట్టుకున్నాడు, అప్పటి నుంచి ఐస్ హాకీయే లోకం. మూడేళ్లుగా ట్రిపుల్ ఏ స్థాయిలో (ఆ వయసు పిల్లల హాకీలో పై స్థాయి) డిఫెన్స్ ఆడుతున్నాడు. ఈ ఏడాది ఓహెచ్‌ఎల్ (ఒంటారియోలోని పెద్ద జూనియర్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే చోట, ఒక జట్టు అతణ్ని ఏడో రౌండ్‌లో ఎంచుకుంది. ఆ ఊరు ఇంటికి కారులో ఐదు గంటలు. ఆగస్టు చివర్లో క్యాంప్. అందులో నిలబడితే గ్రేడ్ 11 అక్కడి స్కూల్లోనే చదవాలి, బిల్లెట్ ఫ్యామిలీ అని జట్టు చూపించే వేరే వాళ్లింట్లో ఉండాలి.

ఇంతలో అమెరికాలోని ఒక యూనివర్సిటీ నుంచి అసిస్టెంట్ కోచ్ ఫోన్ చేశాడు. "నీ ఆట చూస్తున్నాం, ఇంకో రెండు మూడేళ్లు జూనియర్ ఆడాక మాట్లాడుకుందాం" అన్నాడు. తండ్రికి ఆ ఫోన్ చాలు. న్యూజెర్సీలో ఉన్న బాబాయిగారు "ఓహెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడినా అమెరికా కాలేజీ తలుపు మూసుకుపోతుంది" అని చెప్పడంతో ఆయన ఇంకా బిగుసుకుపోయారు. చదువు పాడవుతుంది, పదహారేళ్లకే ఇల్లు వదలడమేంటి, కుదరదంటారు. అబ్బాయి "ఇప్పుడు వెళ్లకపోతే ఇక ఎప్పటికీ రాదు" అంటాడు. తండ్రీ కొడుకులు మాట్లాడుకుని మూడు వారాలైంది. ఇద్దరికీ వేర్వేరు వేళల్లో అన్నం పెడుతున్నానని రాశారు ఆమె. అత్తగారు వీడియో కాల్‌లో "క్రికెట్ అయితే సరేగానీ ఈ మంచు మీద కర్రలతో కొట్టుకోవడమేంటి" అని రోజూ అడుగుతున్నారు. నిరుడు ఒక్క హాకీకే పద్దెనిమిది వేల డాలర్లయింది. దాని కోసం పదకొండేళ్ల పాపకి కూచిపూడి క్లాసు మాన్పించారు. "మావారు పదో తరగతి అవగానే విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివారు. ఆ రోజుల గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడరు" అని మధ్యలో ఒక మాట రాసి వదిలేశారు. చివరి ప్రశ్న: "ఇద్దరిలో నేను ఎవరి వైపు ఉండాలి?"

చెల్లెమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే తడిసిన గ్లవ్స్ వాసన ముక్కుకు తగిలినట్టయింది. మా పెద్దవాడు గోల్‌కీపర్. పన్నెండేళ్ల పాటు ఆ వాసన మా కారు డిక్కీని వదల్లేదు. పొద్దున్న ఐదున్నరకి రింక్‌లో ఫ్లాస్కు పట్టుకుని వణుకుతూ కూర్చున్న అమ్మల్లో నేనూ ఒకదాన్ని. కాబట్టి మీ టెన్షన్ నాకు కొత్త కాదు.

ముందు బాబాయిగారి మాట తేల్చుకుందాం. మీ ఇంట్లో సగం గొడవ దాని మీదే నడుస్తోంది. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకు తెలిసిన సంగతి పాతబడింది, అంతే. ఒంటారియోలో ఓహెచ్‌ఎల్, పశ్చిమాన డబ్ల్యూహెచ్‌ఎల్, క్యూబెక్ వైపు క్యూఎంజేహెచ్‌ఎల్ అని మూడు పెద్ద జూనియర్ లీగ్‌లున్నాయి. మూడింటినీ కలిపి సీహెచ్‌ఎల్ అంటారు. అక్కడి పిల్లలకి జట్లు చేతిఖర్చు ఇస్తాయి. కొందరైతే ఎన్‌హెచ్‌ఎల్ (అన్నిటికన్నా పెద్ద ప్రొఫెషనల్ లీగ్) కాంట్రాక్టు మీద సంతకం పెట్టి కూడా ఇంకా ఆ జట్లలోనే ఆడుతుంటారు. అందుకని అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ చాలా ఏళ్లపాటు ఆ లీగ్‌ల వాళ్లందరినీ ప్రొఫెషనల్స్ కిందే జమకట్టింది. ఒక్క ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడినా కాలేజీ అవకాశం పోయేది. మా రోజుల్లో జట్టు ఖర్చు మీద క్యాంప్‌కి వెళ్తే 48 గంటలు దాటకూడదని, గడియారం చూసుకుంటూ పిల్లల్ని వెనక్కి తెచ్చుకునేవాళ్లం.

పదహారేళ్ల వయసులో రెండు ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడినందుకు కాలేజీ అర్హత పోగొట్టుకున్న ఒక కుర్రాడు 2024 ఆగస్టులో కోర్టుకెక్కాడు. అదే ఏడాది నవంబర్ 7న ఎన్‌సీఏఏ డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కౌన్సిల్ ఓటు వేసి ఆ నిబంధన మార్చేసింది. 2025 ఆగస్టు 1 నుంచి సీహెచ్‌ఎల్‌లో ఆడినవాళ్లు కూడా కాలేజీలో ఆడొచ్చు. మార్పు అమలు కాకముందే, ఆ జూలైలోనే, డబ్ల్యూహెచ్‌ఎల్‌లోని మెడిసిన్ హ్యాట్ జట్టులో మెరిసిన గావిన్ మెకెన్నా పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్తున్నట్టు ప్రకటించాడు. ఆ వయసు పిల్లల్లో అందరికంటే ముందున్నాడని పేరున్న ఆటగాడే ఆ దారి పట్టాడంటే మీవారు కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు.

గీత పూర్తిగా చెరిగిపోలేదని మాత్రం గుర్తుంచుకోండి. అసలు ఖర్చులకు మించి డబ్బు తీసుకున్నా, ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టినా కాలేజీ హాకీ ఆశ వదులుకోవాల్సిందే. మీ అబ్బాయి చేతికి ఏ కాగితం వచ్చినా సంతకానికి ముందు ఎన్‌సీఏఏ నిబంధనలు తెలిసిన వాళ్లకి చూపించండి.

ఇక ఈ మార్పులో రెండో సంగతి ఉంది. తండ్రులు దీన్ని ఆలస్యంగా గమనిస్తున్నారు. ఇంతకుముందు కాలేజీకి వెళ్లాలనుకున్న కెనడా పిల్లలు ఓజేహెచ్‌ఎల్, బీసీహెచ్‌ఎల్, ఏజేహెచ్‌ఎల్ లాంటి రెండో శ్రేణి జూనియర్ లీగ్‌లలో ఆడి, అక్కడి నుంచి కాలేజీ జట్లలోకి వెళ్లేవాళ్లు. ఓహెచ్‌ఎల్ వాళ్లు ఆ పోటీలో ఉండేవాళ్లు కాదు. ఇప్పుడు ఓహెచ్‌ఎల్‌లో మూడు నాలుగేళ్లు ఆడి కండ పట్టిన ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కూడా అవే సీట్లకు వస్తున్నారు. డివిజన్ 1లో మగపిల్లల జట్లు అరవై పైచిలుకు మాత్రమే. 2025లో వచ్చిన కోర్టు ఒప్పందాన్ని అనుసరించే యూనివర్సిటీల్లో జట్టుకి 26 మందే ఉండాలి. అంటే మీవారు పెట్టుకున్న లెక్క, ఇంట్లో ఉండి నెమ్మదిగా ఆడితే కాలేజీ సీటు తనంతట తానే వస్తుందన్నది, ఒకప్పుడున్నంత గట్టిది కాదు. తలుపు తెరుచుకున్న మాట నిజం, గుమ్మం దగ్గర గుంపు పెరిగిన మాట కూడా అంతే నిజం.

కాబట్టి ఇప్పుడు మీ ముందున్నది జూనియరా, కాలేజీయా అన్న ప్రశ్న కాదు. ఆ ప్రశ్న మీ అబ్బాయికి పంతొమ్మిదో ఇరవయ్యో వచ్చినప్పుడు వస్తుంది. వచ్చే సెప్టెంబర్ నుంచి మార్చి దాకా బాబు ఎక్కడ ఉండి, ఎంతసేపు ఐస్ మీద ఆడి, ఎలా చదువుకుంటాడు? ఇప్పుడు తేల్చాల్సింది అదొక్కటే. తండ్రీ కొడుకులు నాలుగేళ్ల తర్వాత రావాల్సిన పోట్లాట ఇప్పుడే పడుతున్నారు.

ఏడో రౌండ్ అంటే ఏమిటో నిజం చెప్పుకుందాం. పిలుపు రావడం గొప్పే. టొరంటో చుట్టుపక్కల వేల మంది పిల్లల్లోంచి వచ్చిందది, మీ బాబు కష్టార్జితం. అయితే మొదటి రెండు మూడు రౌండ్ల పిల్లలకి జట్టు చాలావరకు ముందే చోటు, చదువు ఖర్చు ఖాయం చేస్తుంది. ఏడో రౌండ్ వాడికి దక్కేది క్యాంప్‌లో తనేంటో చూపించుకునే అవకాశం. చాలామంది ఆ ఏడాది జట్టులోకి రారు, కొందరు ఎప్పటికీ రారు. వచ్చినవాళ్లలోనూ పదహారేళ్లవాడు పంతొమ్మిది, ఇరవై ఏళ్ల వాళ్ల మధ్య ఆడాలి. మీ బాబు ఎత్తు ఇప్పుడిప్పుడే పెరుగుతోందని, ఇంకా సన్నగా ఉంటాడని రాశారు. డిఫెన్స్ వాడికి అది చిన్న విషయం కాదు. రోజూ ప్రాక్టీస్ చేసి, మ్యాచ్ రోజున సూట్ వేసుకుని స్టాండ్స్‌లో కూర్చునే పిల్లల్ని నేను చూశాను. ఊరికి ఫోన్ చేసినప్పుడు "బాగానే ఉందమ్మా" అంటారు. ఆ "బాగానే" వెనకాల ఎంత ఉంటుందో నాకు తెలుసు.

ఇంకొకటి మీ ఇంట్లో ఎవరూ చెప్పుకున్నట్టు లేదు. ఈ ఏడాది వెళ్లకపోయినా ఆ జట్టు హక్కు పోదు. డ్రాఫ్ట్ చేసిన జట్టు అతని పేరు తన దగ్గరే ఉంచుకుంటుంది. ఇంకో ఏడాది ఇంటి దగ్గర అండర్-18 ట్రిపుల్ ఏ ఆడి, లేదా ఓజేహెచ్‌ఎల్‌లో ఆడి, పదిహేడేళ్లకి మళ్లీ క్యాంప్‌కి వెళ్లేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. "ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ కాదు" అన్న భయం పదహారేళ్లకి నిజంగానే నిజమనిపిస్తుంది. దాన్ని కొట్టిపారేయకండి. కానీ అది నిజం కాదని జట్టు మేనేజర్ నోటితోనే వాడు వినేలా చూడండి. మీరు చెప్తే నమ్మడు.

వెళ్తే ఏమవుతుందో చెప్తాను. ఓహెచ్‌ఎల్‌లో సీజన్‌కి 68 మ్యాచ్‌లు. ఒక్కో వారాంతంలో మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు కూడా పడతాయి. సూ సెయింట్ మేరీ నుంచి ఒటావా వరకు, అమెరికా వైపు ఎరీ, ఫ్లింట్, సాగినా వరకు బస్సులో తిరుగుడు. హోంవర్క్ బస్సులో, నిద్ర బస్సులో. అంతటి ఆట, ఎన్‌హెచ్‌ఎల్ స్కౌట్ల కళ్లు, రోజూ బలమైన ప్రత్యర్థులు ఆ వయసుకి ఇంకెక్కడా దొరకవు. తయారుగా ఉన్న పిల్లవాడు అక్కడ ఒక్క ఏడాదిలో రెండేళ్ల ఆట నేర్చుకుంటాడు. తయారుగా లేనివాడు అదే ఏడాదిలో ఆట మీద నమ్మకం పోగొట్టుకుంటాడు. కాలేజీ హాకీ దీనికి పూర్తిగా వేరు. ముప్పై నాలుగు మ్యాచ్‌లకి అటూ ఇటూగా, ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. మిగతా వారమంతా క్లాసులు, ప్రాక్టీసు, జిమ్. ఆలస్యంగా ఒళ్లు పట్టే పిల్లలకి ఆ జిమ్ రోజులే వరం. మీ అత్తగారికి ఒక మాట చెప్పండి: కాలేజీలో మొహం మొత్తం కప్పే జాలీయో అద్దమో తప్పనిసరి, కొట్టుకుంటే మ్యాచ్ నుంచి గెంటేసి తర్వాతి మ్యాచ్ కూడా ఆడనివ్వరు. ఓహెచ్‌ఎల్‌లో అద్దం ముక్కు దాకానే వస్తుంది.

బిల్లెట్ ఇంటి గురించి మీరు రాసిన భయాలు చదివాను. పెరుగన్నం సంగతి నుంచి పండక్కి ఒంటరిగా ఉంటాడేమో అన్నదాకా. చాలా బిల్లెట్ కుటుంబాలు ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్న మంచివాళ్లు. మా వాడు రెండో శ్రేణి జూనియర్‌లో ఉన్నప్పటి బిల్లెట్ అమ్మకి ఇప్పటికీ సంక్రాంతికి అరిసెలు పంపుతాను. అయినా గుడ్డిగా నమ్మకండి. సంతకానికి ముందే ఆ ఇల్లు చూడండి, వాళ్లతో కూర్చుని భోంచేయండి. జూనియర్ హాకీలో కొత్త పిల్లల్ని సీనియర్లు ఏడిపించడం, అంతకంటే ఘోరమైనవి జరిగాయని మాజీ ఆటగాళ్లు 2020లో కోర్టుకెళ్లారు. ర్యాగింగ్ అనే మాట మనకి కొత్త కాదు కదా. "ఇలాంటిది జరిగితే నా కొడుకు ఎవరికి ఫోన్ చేయాలి, ఆ మనిషి కోచ్ కింద పనిచేసేవాడా, బయటివాడా?" అని మేనేజర్‌ని సూటిగా అడగండి. జవాబు ఎంత తొందరగా, ఎంత స్పష్టంగా వస్తుందో చూడండి. మీకే అర్థమవుతుంది.

ఉంటే ఏమవుతుంది? ఇంటి అన్నం, తెలిసిన స్కూలు, పాతికో ముప్పయ్యో నిమిషాల్లో రింక్. ఓజేహెచ్‌ఎల్‌లో చోటు దొరికితే పెద్దవాళ్లతో ఆడుతూనే ఎక్కువసేపు ఐస్ మీద ఉంటాడు. కీలక సమయాల్లో, పెనాల్టీ పడి జట్టులో ఒకడు తక్కువైనప్పుడు కోచ్ వాడినే పంపొచ్చు. డిఫెన్స్ వాడికి ఆ నిమిషాలే చదువు. నష్టం కూడా ఉంది. ఓహెచ్‌ఎల్ అంత వేగం అక్కడ ఉండదు, స్కౌట్లు తక్కువగా వస్తారు, కాలేజీ సీట్లకు పోటీ నేను పైన చెప్పినట్టే పెరిగింది. అన్నిటికన్నా పెద్ద నష్టం వేరే ఉంది. నాన్న బలవంతంగా ఆపాడని అనుకుంటూ ఉండిపోయిన పిల్లవాడు ఇంట్లో ఉన్నా ఇంట్లో ఉన్నట్టు కాదు. తానే ఆలోచించుకుని "ఈ ఏడాది ఆగుతాను" అన్నవాడి సంగతి వేరు. అదే రింక్, అదే జట్టు, కానీ మనిషి వేరు.

అమెరికా బోర్డింగ్ స్కూళ్లు, యూఎస్‌హెచ్‌ఎల్ (అమెరికాలోని పెద్ద జూనియర్ లీగ్) అనే దారి కూడా ఉంది. ఇప్పటికే ఖర్చుతో సతమతమవుతున్న మీకు స్కూలు దారి నేను చెప్పను. యూఎస్‌హెచ్‌ఎల్ పిలిస్తే అప్పుడు చూసుకోవచ్చు.

పెద్ద పేర్లు చెప్పి మీ ఇంట్లో ఇద్దరూ వాదించుకుంటున్నారని రాశారు. బాబు కానర్ మెక్‌డేవిడ్ అంటాడు, ఓహెచ్‌ఎల్‌లో ఎరీ జట్టు నుంచి వచ్చి 2015లో ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ (అందరికంటే ముందు ఎంపిక) అయినవాడు. మీవారు మిసిసాగా కుర్రాడు ఓవెన్ పవర్ అంటారు, ఓహెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో రెండోవాడిగా ఎంపికైనా వెళ్లకుండా యూఎస్‌హెచ్‌ఎల్‌లోని షికాగో జట్టు, ఆ తర్వాత మిషిగన్ యూనివర్సిటీ దారిలో 2021లో మొదటి పిక్ అయినవాడు. ఇద్దరి మాటా నిజమే. కానీ వాళ్లు ఏ దారిన వెళ్లినా చేరేవాళ్లే. ఏడో రౌండ్ పిల్లవాడికి పనికొచ్చే కథ నాకు తెలిసి కేల్ మకార్‌ది. చిన్నప్పుడు ఒళ్లు లేని డిఫెన్స్ వాడు. డబ్ల్యూహెచ్‌ఎల్ జట్టు 2013లో ఎనిమిదో రౌండ్‌లో ఎంచుకుంది. వెళ్లలేదు. అల్బర్టాలో రెండో శ్రేణి జూనియర్‌లో ఆడి, పెరిగి, మసాచుసెట్స్ యూనివర్సిటీకి వెళ్లాడు. 2019లో కాలేజీ హాకీలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు తీసుకుని, కొద్ది రోజుల్లోనే కొలరాడో తరఫున ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లో దిగి, మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. దీనికి ఎదురు దారిలో వెళ్లినవాడు జుఝార్ ఖైరా, మన దేశపు మూలాలున్న పంజాబీ కుర్రాడు. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ అయ్యాక ఒక ఏడాది మిషిగన్ టెక్ యూనివర్సిటీలో ఆడి, అది వదిలేసి డబ్ల్యూహెచ్‌ఎల్‌కి మారాడు, ఎన్‌హెచ్‌ఎల్ కూడా ఆడాడు. దారి మధ్యలో మార్చుకోవడం తప్పేమీ కాదని బాబుకి ఈ కథ చెప్పండి. అయితే మకార్ లాంటివాళ్లు వేలల్లో ఒకరు. ఏటా ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ప్రపంచం మొత్తం మీద ఎంచుకునేది 224 మందిని. బాబుకి ఇరవై రెండేళ్లు వచ్చేసరికి చేతిలో ఒక డిగ్రీ గానీ, డిగ్రీకి సరిపడా చదువు ఖర్చు గానీ ఉండాలని మీవారు కోరుకోవడంలో తప్పు లేదు. ఆ కోరికను నేను నూటికి నూరుపాళ్లు సమర్థిస్తాను.

ఆ కోరిక ఓహెచ్‌ఎల్‌లోనూ తీరొచ్చని ఆయనకి తెలియాలి. ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక్కో ఏడాది చదువు ఖర్చు అన్న లెక్కన జట్లు ఎడ్యుకేషన్ ప్యాకేజీ ఇస్తాయి. ఓహెచ్‌ఎల్ అయ్యాక ఆ డబ్బుతో కెనడా యూనివర్సిటీల్లో చదువుతూ అక్కడే హాకీ ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు. అసలు సంగతంతా షరతుల్లో ఉంటుంది. ట్యూషన్ ఒక్కటేనా, పుస్తకాలు, హాస్టల్ కూడానా? ఆట ఆపాక ఎన్నాళ్లలోపు చదువు మొదలుపెట్టాలి? ఏదో చిన్న ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక సీజన్ ఆడితే పోతుందా? మధ్యలో ట్రేడ్ చేస్తే (వేరే జట్టుకి ఇచ్చేస్తే), గాయమై ఆగిపోతే ఎవరు కడతారు? అమెరికా యూనివర్సిటీకి వెళ్తే ఎంతవరకు ఇస్తారు? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. నోటి మాట మీద నాకు నమ్మకం లేదు, కారణం చెప్తాను. మా వాడికి ఒక డివిజన్ 1 కాలేజీ కోచ్ "నీ సీటు ఉంది" అని రెండేళ్లు చెప్పాడు. ఆ కోచ్ ఉద్యోగం మారాడు. కొత్తగా వచ్చినాయన మా ఫోన్ ఎత్తలేదు. మా వాడు చివరికి డివిజన్ 3 కాలేజీలో చేరాడు. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, మేం అప్పు చేసి చదివించాం. చదువు బాగా సాగింది, వాడు సంతోషంగానే ఉన్నాడు. కానీ ఆ రెండేళ్లూ మేం వేరే ఏ కాలేజీతోనూ మాట్లాడలేదు. మీవారు పట్టుకుని కూర్చున్న ఆ ఫోన్ కాల్ అంతకన్నా బలహీనమైనది. "తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు, అంతే. ఆ కోచ్ కూడా "జూనియర్ ఆడాక" అనే అన్నాడని మీవారికి మెల్లగా గుర్తుచేయండి.

డివిజన్ 1 స్కాలర్‌షిప్ అంటే ప్రతివాడికీ మొత్తం ఫీజు అనుకోకండి. సగం, పావు దొరికేవాళ్లు ఎందరో. హార్వర్డ్, యేల్, కార్నెల్ లాంటి ఐవీ లీగ్ వాటిలో ఆటకి స్కాలర్‌షిప్పే లేదు, ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం చేస్తారు. మీరు కెనడా పౌరులు కాబట్టి వీసా స్టాంపింగ్ అక్కర్లేదుగానీ ఐ-20, ఎఫ్-1 హోదా తప్పవు. ఇప్పుడు అమెరికా కాలేజీ ఆటగాళ్లకి డబ్బులొస్తున్నాయని బాబు వినే ఉంటాడు. ఎఫ్-1 మీద ఉన్నవాడు ఆ డబ్బు ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి. ఎఫ్-1 పనిగంటల కష్టం మన తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

బాబు వెళ్లినా, ఉన్నా ఈ నెలలోనే చేయాల్సింది ఒకటుంది. డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులుండాలి, వాటిలో మార్కుల సగటు (జీపీఏ) నాలుగుకి 2.3కి తగ్గకూడదు. అందులో పది కోర్సులు గ్రేడ్ 12 మొదలయ్యేలోపే పూర్తికావాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ అయ్యుండాలి. అంటే రాబోయే గ్రేడ్ 11 ఏడాదే కీలకం. స్కూలు మారితే ఏ కోర్సు లెక్కలోకి వస్తుందో, ఏది రాదో స్కూల్ కౌన్సెలర్‌తో కూర్చుని రాసుకోండి. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో పేరు నమోదు చేయండి. ఈ పని మీవారికి అప్పగించండి. చదువు మీద ఆయనకున్న భయం ఒక పనిగా మారితే ఇంట్లో వేడి తగ్గుతుంది.

ఇప్పుడు మీరు రాసి వదిలేసిన ఆ విజయవాడ హాస్టల్ సంగతికి వస్తాను. పదిహేనేళ్ల పిల్లల్ని పెట్టె సర్ది, చాప, బకెట్ కొనిచ్చి ఇంటర్ హాస్టల్లో దించి వచ్చే తల్లిదండ్రులు మన జిల్లాల్లో లక్షల్లో ఉన్నారు. నాలుగున్నరకి బెల్లు, స్టడీ అవర్లు, ఆదివారం పరీక్ష, నెలకోసారి అమ్మానాన్న. మీవారు అలాంటి చోట రెండేళ్లున్నారు. "నువ్వు పదిహేనేళ్లకే ఇల్లు వదల్లేదా" అని ఆయన్ని నిలదీయమని నేను అనను. అలా అడిగితే ఇంకా ముడుచుకుపోతారు. నా అనుమానం ఏమిటంటే, కొడుకుని ఆపుతున్నది హాకీ మీద కోపం కాదు, ఆ రెండేళ్ల జ్ఞాపకం. తనకి అక్కడ ఏమైందో, రాత్రుళ్లు ఎలా గడిచాయో ఆయనకే తెలుసు. ఇంటి బెంగ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆయన. బాబుకి దాని గురించి చెప్పగలిగిన మనిషి కూడా మీ ఇంట్లో ఆయనొక్కరే. ఒక రోజు ఇద్దర్నీ కారులో ఆ ఊరికి పంపండి. ఐదు గంటలు వెళ్లడం, ఐదు గంటలు రావడం. రింక్ చూసి, స్కూల్ చూసి, మేనేజర్‌ని కలిసి వస్తారు. మీరు వెళ్లకండి. ఒకరి మొహం ఒకరు చూసుకోనవసరం లేకుండా పక్కపక్కన కూర్చుంటే మగవాళ్లు మాట్లాడతారు, నేను చూశాను. బయల్దేరేముందు మీవారికి ఒక్క మాట చెప్పండి: "మీ హాస్టల్ రోజుల గురించి వాడికి చెప్పండి, నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు" అని.

ఎవరి వైపు ఉండాలని అడిగారు. నా లెక్కలో మీ ముందు మూడు దారులున్నాయి. బాబు క్యాంప్‌కి వెళ్తాడు, జట్టులో చోటు, ఆట నిమిషాల గురించి స్పష్టమైన మాట, చదువు ప్యాకేజీ కాగితం మూడూ వస్తే పంపుతారు. లేదా క్యాంప్‌కి వెళ్లి, చోటు వచ్చినా ఈ ఏడాది ఆగి ఇంటి దగ్గర ఆడి, వచ్చే ఏడాది మళ్లీ చూస్తారు. లేదా క్యాంపే వద్దంటారు. మూడోది మీకు ఇబ్బంది తెచ్చిపెడుతుందని నా భయం. క్యాంప్‌కి వెళ్లడం వల్ల కాలేజీ అవకాశం ఇప్పుడు పోదు, వెళ్లనివ్వకపోతే "నన్ను చూడనే చూడనివ్వలేదు" అన్న మాట ఇరవై ఏళ్ల తర్వాత కూడా వినాల్సి రావొచ్చు. మొదటి రెండింటిలో నేను రెండోదాని వైపు కొంచెం మొగ్గుతాను, బాబు ఒళ్లు ఇంకా ఎదగాలి కాబట్టి. కానీ ఆ జట్టు నిజంగా ఆడిస్తామంటే, బిల్లెట్ ఇల్లు మీకు నచ్చితే, వాడి కళ్లలో ధైర్యం కనిపిస్తే, మొదటిదాన్ని నేను కాదనను. ఏది ఎంచుకున్నా క్యాంప్‌కి ముందే "ఏం వస్తే వెళ్తావు, ఏం రాకపోతే ఆగుతావు" అన్నది ముగ్గురూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. క్యాంప్ చివరి రోజు జెర్సీ చేతికిచ్చాక ఎవరి బుర్రా పనిచేయదు. రాసింది వాడి చేతిరాతలో ఉండాలి.

చివరిగా పాప. ఉత్తరంలో పాప గురించి ఒకే వాక్యం ఉంది. అన్న వెళ్లినా, ఉన్నా ఇంట్లో అందరి చూపూ ఆ రింక్ వైపే ఉంటుందని పదకొండేళ్ల పిల్లకి బాగా తెలుసు. తన డాన్స్ ఎందుకు ఆగిందో కూడా తెలుసు, అడగట్లేదంతే. బాబు ఓహెచ్‌ఎల్‌లో నిలబడితే స్టిక్‌లు, సామాను, ప్రయాణాలు జట్టే చూసుకుంటుంది కాబట్టి మీ ఖర్చు బాగా తగ్గుతుంది. ఇంట్లోనే ఉంటే ఈ ఏడాది సమ్మర్ క్యాంపుల్లో ఒకటి మాన్పించండి. ఎలాగైనా సరే, సెప్టెంబర్‌లో గజ్జెలు మళ్లీ బయటికి తీయండి. హాకీ గురించి ఏ నిర్ణయమూ తీసుకోకముందే ఈ వారం వెళ్లి పాప పేరు రాయించేయండి.

కారు ప్రయాణం ఎలా జరిగిందో, క్యాంప్‌లో ఏమైందో రాయండి. పాప క్లాసు ఏ రోజు పడిందో కూడా.